హైదరాబాద్ నుంచి వసంతంలో వీకెండ్ ట్రిప్: ఎటు వెళ్లాలో మధ్యాహ్నాన్ని బట్టి తేల్చుకోండి

ఫిబ్రవరి సగం దాటిందంటే చాలు, హైదరాబాద్ చుట్టుపక్కల చూడాల్సిన ప్రదేశాలంటూ లిస్టులు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. ఆ ఫొటోలు ఒకసారి జాగ్రత్తగా చూడండి. పచ్చటి కొండ, పొంగుతున్న జలపాతం, రోడ్డు మీదికి దిగిన మబ్బు. అవి ఆగస్టులోనో సెప్టెంబర్‌లోనో తీసినవి. అదే ఫొటో నమ్ముకుని మార్చి రెండో వారంలో పిల్లల్ని, పెద్దవాళ్లను బండెక్కించుకుని వెళ్తే ఎండిన బండ, రాలిన ఆకులు, నీడ లేని పార్కింగు కనిపిస్తాయి. తప్పు ఆ ఊరిది కాదు. మన దగ్గర వసంతానికి వేరే అందం ఉంది, దానికి తగిన చోటు ఎంచుకోవాలి.

నా లెక్క చాలా సింపుల్. ఫాల్గుణం, చైత్రాల్లో పొద్దున్న ఏడింటికి ఎక్కడికి వెళ్లినా బాగుంటుంది, సాయంత్రం ఐదు దాటాక కూడా అంతే. తేడా అంతా మధ్యలోనే ఉంది. మార్చి మధ్యకల్లా పగటి ఎండ 35 డిగ్రీలు దాటుతుంది, ఏప్రిల్‌లో 40కి దగ్గర పడుతుంది, కాబట్టి పదకొండు నుంచి నాలుగు దాకా మీరు ఎక్కడ ఉంటారు అన్న ప్రశ్నకు సమాధానం దొరికిన చోటికే వెళ్లండి. దూరం, రూము, తిండి అన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు. ఈ ఒక్క ప్రశ్నతో కొలిస్తే మామూలుగా అందరూ చెప్పే వరుస తారుమారవుతుంది.

ముందు అందరూ మొదట అనుకునే అనంతగిరి గురించి చెప్పేస్తాను. వికారాబాద్ పక్కనే, నగరం నుంచి ఎనభై కిలోమీటర్ల లోపు, మూసీ పుట్టింది అక్కడే, అనంత పద్మనాభస్వామి గుడి ఉంది. వానాకాలంలో నేనూ అక్కడికే వెళ్లమంటాను. కానీ అది ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరి చివరికి కొమ్మలు బోసిపోతాయి, నడిచే దారంతా ఎండుటాకులు, పది గంటలకే ఎర్రమట్టి మీద ఎండ కొడుతుంది. ఆ టైంలో అడవికి నిప్పంటుకునే ప్రమాదం కూడా ఎక్కువ. అయినా అక్కడికే వెళ్లాలనిపిస్తే తెల్లవారుజామున బయల్దేరి, సూర్యోదయానికి కొండ మీద ఉండి, అటు నుంచి కోట్‌పల్లి రిజర్వాయరుకు వెళ్లి ఎండ ముదరకముందే, లైఫ్ జాకెట్ విప్పకుండా కయాకింగ్ చేసుకుని, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేయండి. సగం రోజు ట్రిప్‌గా అది బాగుంటుంది. రాత్రి ఉండాలనుకుంటే మాత్రం జులై దాకా ఆగండి. చేవెళ్ల రోడ్డుకు రెండు వైపులా ఉన్న పాత మర్రిచెట్లను చూసుకుంటూ వెళ్లడం నాకు చాలా ఇష్టం. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీసేస్తారన్న గొడవ జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. వెళ్లేటప్పుడు ఆ చెట్ల కింద కాస్త నెమ్మదిగా నడపండి, ఆ రోడ్డు మీద ఓవర్‌టేకింగ్ అసలు వద్దు.

ఇప్పుడు ఒక్క రోజులో వెళ్లొచ్చే వాటిలో నా మొదటి ఓటు మెదక్‌కి. జనం దీన్ని క్రిస్మస్‌కి తప్ప తలుచుకోరు. వంద కిలోమీటర్ల దూరం, తూప్రాన్ మీదుగానో నర్సాపూర్ అడవి మీదుగానో వెళ్లొచ్చు, నేనైతే నర్సాపూర్ దారే ఎంచుకుంటాను. అక్కడ చూడాల్సింది పెద్ద చర్చి. 1914లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు, 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. కరువు రోజుల్లో చుట్టుపక్కల పల్లెల వాళ్లకు పని, తిండి దొరకాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఈ కట్టడం తలపెట్టాడు. శిఖరం ఎత్తు 175 అడుగులు. మధ్యాహ్నం పూట లోపల అడుగుపెడితే ఎత్తైన కప్పు కింద బయటి వేడి మరిచిపోతారు. ఇంకో మాట, అక్కడి రంగుటద్దాల కిటికీలు చూడాలంటే ఎండ ఉండాల్సిందే. క్రీస్తు పుట్టుక, శిలువ, పునరుత్థానం తర్వాత ఆరోహణం, ఈ మూడు ఘట్టాలు బయటి వెలుతురు లోపలికి వచ్చినప్పుడే కనిపిస్తాయి, పొద్దు వాలితే మసకబారిపోతాయి. అంటే మిగతా చోట్ల మనల్ని తరిమేసే ఎండే ఇక్కడ కావాల్సిందన్నమాట. ఆదివారం పొద్దున ప్రార్థన జరుగుతుంది కాబట్టి చూడ్డానికే వెళ్లేవాళ్లు అది అయ్యేదాకా ఆగడం మర్యాద.

పొద్దున్నే మెదక్ ఖిల్లా ఎక్కి దిగి, మధ్యాహ్నం చర్చి, నాలుగున్నర దాటాక పోచారం చెరువు కట్ట. ఇదీ వరుస. ఏడుపాయల కూడా దగ్గరే, మంజీర ఏడు పాయలుగా చీలే చోట దుర్గమ్మ గుడి ఉంది, కానీ శివరాత్రికి అక్కడ పెద్ద జాతర, ఆ మూడు రోజులు జాతర కోసమే వెళ్లేవాళ్లు తప్ప మిగతావాళ్లు ఆ వైపు పెట్టుకోకండి.

అంతకన్నా దగ్గరలో కావాలంటే పోచంపల్లి. యాభై కిలోమీటర్లు కూడా ఉండదు. ఇక్కడ కొండలు, జలపాతాలు ఏమీ లేవు, మధ్యాహ్నం మగ్గం ఉన్న ఇంట్లో కూర్చుని పని చూడటమే ఉంది, నా దృష్టిలో అది తక్కువేమీ కాదు. నేసిన బట్టకు రంగు వేయరు ఇక్కడ, నూలు పోగులకే ముడులు కట్టి రంగులద్ది, ఆ పోగుల్ని డిజైను కుదిరేలా వరుసలో పెట్టి నేస్తారు, అందుకే ఆ అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. దానికి ముందు ఆసు పోయడం, అంటే నూలును మేకుల చుట్టూ తిప్పి చుట్టే పని ఉంటుంది. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి, ఆడవాళ్ల భుజాలు పడిపోయేవి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి పడే ఆ బాధ చూసి ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. వినోబా భావే భూదానం మొదలైంది కూడా ఈ ఊళ్లోనే, 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో దీన్ని చేర్చింది. ఒక్క విషయం, మగ్గం గదిలోకి వెళ్లేముందు అడగండి, అది వాళ్ల ఇల్లు. ఫొటో కూడా అడిగే తీయండి.

రాత్రి ఉండి రావాలంటే పోటీ నాలుగింటి మధ్య: బీదర్, నాగార్జునసాగర్, రామప్ప-లక్నవరం, శ్రీశైలం. దూరంలో మొదటి రెండూ ఇంచుమించు సమానం, నూట నలభై, నూట యాభై కిలోమీటర్లు. తర్వాతి రెండూ రెండు వందల పైనే.

బీదర్‌ని తెలుగువాళ్లు ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. జహీరాబాద్ దాకా మంచి హైవే, అక్కడి నుంచి కుడివైపు తిరిగితే కాసేపట్లో కర్ణాటక. ఊరు ఎత్తైన పీఠభూమి మీద ఉండటంతో సాయంత్రం గాలి ఇక్కడికన్నా హాయిగా ఉంటుంది. పదిహేనో శతాబ్దంలో బహమనీ సుల్తాన్ అహ్మద్ షా రాజధానిని గుల్బర్గా నుంచి ఇక్కడికి మార్చాడు. కోట పెద్దది, పొద్దున్నే మొదలుపెట్టండి. అందులో రంగీన్ మహల్ తప్పకుండా చూడాలి, నల్లరాతిలో ముత్యపుచిప్ప తునకలు పొదిగిన పని ఎక్కడ ఉందో వెతుక్కుని మరీ చూడండి. మామూలుగా తాళం వేసి ఉంటుంది, అక్కడి సిబ్బందిని అడిగితే తీస్తారు, అడగకుండా వెనక్కి వచ్చేవాళ్లే ఎక్కువ. మహమూద్ గవాన్ మదర్సా 1472 నాటిది, ముందు గోడ మీద రంగు పలకలు మిగిలినంత మేర చూస్తే అప్పుడెలా మెరిసేదో ఊహించుకోవచ్చు.

మధ్యాహ్నం సంగతి కదా. బీదర్‌లో దానికి రెండు జవాబులు ఉన్నాయి. ఒకటి, పాత ఊళ్లో చౌబారా అనే బురుజు పరిసరాల్లో బిద్రీ పనివాళ్ల దుకాణాలు. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసిన పాత్ర మీద సన్నటి ఉలితో గీతలు చెక్కి, వెండి తీగను ఆ గీతలో కూర్చి సుత్తితో తట్టి, సాపు చేస్తారు. అప్పటిదాకా పాత్ర, వెండి రెండూ ఒకే తెలుపు, డిజైను కనపడదు. చివర్లో కోటలో పాత గోడల కింది మట్టిని నవాసారంతో కలిపి వేడి చేసి రుద్దుతారు. అప్పుడు పాత్ర ఒక్కసారిగా నల్లబడుతుంది, వెండి మాత్రం అలాగే మెరుస్తుంది. ఆ ఒక్క క్షణం చూడటానికైనా గంట కూర్చోవచ్చు. రెండో జవాబు ఝరణీ నరసింహస్వామి గుహ. నడుము పైదాకా చల్లటి నీళ్లలో మూడు వందల మీటర్లు నడిచి దర్శనం చేసుకోవాలి. పండగ రోజుల్లో జనం కిక్కిరిసిపోతారు, లోపల గాలి తక్కువ, ఆయాసం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు వద్దు. లోపలికి పంపుతున్నారో లేదో కూడా ముందే కనుక్కోండి. సాయంత్రం అష్టూర్‌లో బహమనీల సమాధులు, పొలాల మధ్య వరుసగా గుమ్మటాలు, అప్పటికి ఎండ మెత్తబడుతుంది.

నాగార్జునసాగర్ పిల్లలతో వెళ్లేవాళ్లకు. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా దారి తిన్నగా ఉంటుంది. ఒకటి మాత్రం మనసులో పెట్టుకోండి, ఈ సీజన్లో గేట్లు ఎత్తరు. ఇరవై ఆరు గేట్ల నుంచి నురగలు కక్కే కృష్ణను చూడాలని వెళ్తే దిగులుగా తిరిగొస్తారు. వసంతంలో సాగర్‌కు వెళ్లేది నాగార్జునకొండ కోసం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ డ్యామ్‌కి శంకుస్థాపన చేశారు, దానికి కాస్త ముందు నుంచే మునిగిపోయే లోయలో తవ్వకాలు మొదలయ్యాయి. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. బౌద్ధ విహారాలు, స్తూపాలు కొన్నింటిని ఎత్తి కొండ మీదికి, కొన్నింటిని జలాశయం ఒడ్డున ఉన్న అనుపుకి మార్చి మళ్లీ కట్టారు. ఇప్పుడా కొండే దీవి. లాంచీలో దాదాపు గంట, ఆ గంటంతా చుట్టూ నీళ్లు, గాలి. తర్వాత మ్యూజియం నీడలో సున్నపురాతి శిల్పాలు. పదకొండు గంటల ఎండకు ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు కనిపించలేదు. అయితే లాంచీ నడవడం నీటిమట్టం మీద, గాలి మీద, వచ్చిన జనం మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి శుక్రవారమే ఫోన్ చేసి అడగండి. ఏ ఒడ్డు నుంచి నడుస్తోందో కూడా అడగండి, తెలంగాణ వైపు వేరు, ఆంధ్ర వైపు వేరు.

సాగర్‌లోనే ఉన్న బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం 274 ఎకరాలు, కొత్తది, 2022లో తెరిచారు. మధ్యాహ్నం ఆ ఆవరణలో నడవలేరు, నాలుగున్నరకి వెళ్లండి. ఎత్తిపోతల జలపాతం గురించి పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. పైనుంచి నీళ్లు వదిలితే అందంగా ఉంటుంది, లేకపోతే సన్నటి ధార. కింద మొసళ్ల పెంపకం ఉంది, నీళ్లలోకి దిగే పని అసలు పెట్టుకోకండి.

రామప్ప, లక్నవరం కలిపి ఒకే ట్రిప్. దీనికి రెండు రోజులూ పూర్తిగా కావాలి, శనివారం పొద్దున ఐదింటికి బయల్దేరలేని వాళ్లు దీన్ని వదిలేయడం మంచిది. వరంగల్ దాటి ములుగు మీదుగా వెళ్తుంటే జంగాలపల్లి దగ్గర, రామప్ప గుడి ఉన్న పాలంపేటకు ఎడమవైపు దారి వస్తుంది. చాలామంది ముందు గుడి చూసి తర్వాత లక్నవరం చెరువుకు వెళ్తారు. నేను ఉల్టా చేయమంటాను. జంగాలపల్లి దగ్గర తిరగకుండా తిన్నగా లక్నవరం వెళ్లిపోండి, మధ్యాహ్నానికి చేరతారు, వేలాడే వంతెన దాటి దీవి మీద టూరిజం వాళ్ల కాటేజీలో ఎండ తగ్గేదాకా పడుకోండి. సాయంత్రం పడవ. రబీ పంటకు నీళ్లు వదులుతారు కాబట్టి ఏప్రిల్ వచ్చేసరికి ఒడ్డు మట్టి బయటపడుతుంది, ఫిబ్రవరి, మార్చి మొదట్లో అయితే నిండుగా ఉంటుంది.

రామప్ప ఆదివారం పొద్దున్నే. దీనికి రెండు కారణాలు. గుడి తూర్పుముఖం, పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు నల్లరాతి మదనికల, అంటే నాట్యగత్తెల శిల్పాల మీద ప్రతి నగ, ప్రతి మడత విడివిడిగా కనిపిస్తుంది. మెడలో హారం నీడ ఒంటి మీద పడినట్టు కూడా చెక్కాడు ఆ శిల్పి, మధ్యాహ్నం నడినెత్తిన ఎండలో ఇవన్నీ చదునుగా అయిపోతాయి. రెండోది, చెప్పులు విప్పాలి. పదకొండు దాటితే ఆ రాతి ప్రదక్షిణ పథం మీద కాలు పెట్టలేరు, పెద్దవాళ్లయితే గుడి చుట్టూ తిరగకుండానే వెనక్కి వచ్చేస్తారు. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, పునాది కింద ఇసుక, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు. అంత దూరం వెళ్లి కాళ్లు కాలుతున్నాయని పావుగంటలో బయటపడటం బాధగా ఉంటుంది. బొగత జలపాతాన్ని ఈ ట్రిప్‌లో కలపకండి, అది వానాకాలం ముచ్చట. రెండేళ్లకోసారి మాఘంలో వచ్చే మేడారం జాతర రోజుల్లో ఈ రోడ్డంతా జాతర బళ్లే, ఆ వారం దాటాకే ప్లాన్ చేసుకోండి.

ఇక శ్రీశైలం. గుడి సంగతి పక్కన పెట్టి దారి గురించి చెప్తాను. వసంతం చూడాలని ఉన్నవాళ్లకు, కారు దిగాల్సిన పని కూడా లేకుండా చూడాలంటే, ఇదే. ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మొదలవుతుంది, 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. ఫిబ్రవరి చివర, మార్చిలో ఆకులన్నీ రాలిపోయిన అడవిలో మోదుగ ఒక్కటే మండుతుంటుంది. కింద పడిన పువ్వు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. ముదురు గోధుమరంగు నలుపు కలిసిన తొడిమ, ముఖమల్ బట్టలా మెత్తగా ఉంటుంది, దాన్నుంచి చిలక ముక్కులా వంగిన నారింజ రేకు. హోలీకి రంగు కాచేది దీంతోనే. ఆకు లేని కొమ్మ చివర పెద్ద పసుపు పువ్వు కనిపిస్తే అది కొండగోగు, చెంచులు దాని బంక సేకరిస్తారు. మార్చి చివరి నుంచి ఇప్పపువ్వు రాలుతుంది, అది తెల్లవారుజామున రాలుతుంది కాబట్టి పొద్దున్నే అడవి గేటు తీయగానే లోపలికి వెళ్లినవాళ్లకే ఆ తీపి వాసన దక్కుతుంది.

గేటు అన్నాను కదా, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆ రోడ్డు మూసేస్తారు. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరితే మన్ననూరు దగ్గర రాత్రంతా కారులో కూర్చోవాల్సి వస్తుంది. శనివారం తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరి ఆరింటికి గేటు దగ్గర ఉండండి, అడవిని చల్లటి పూట దాటేస్తారు. పెట్రోలు అడవి మొదలవకముందే పోయించుకోండి, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది. కోతులకు ఏమీ వేయకండి, అవి రోడ్డు మీదికి అలవాటు పడి బండ్ల కింద పడుతున్నాయి. సిగరెట్ కాల్చేవాళ్లు ఆ అరవై కిలోమీటర్లూ ఆపుకోవాల్సిందే. ఆ ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ పడితే ఎకరాలకు ఎకరాలు పోతాయి, పక్షుల గూళ్లు, జంతువుల పిల్లలు అన్నీ ఆ సీజన్లోనే ఉంటాయి.

అయితే మధ్యాహ్నం పరీక్షలో శ్రీశైలానికి తక్కువ మార్కులే. ఊళ్లో నీడ తక్కువ, రద్దీ ఎక్కువ, రూము దొరక్కపోతే ఎండలోనే తిరగాలి. రూము చేతిలో ఉంటేనే వెళ్లండి. శివరాత్రి బ్రహ్మోత్సవాలు ఎలాగూ తెలిసినవే, చాలామందికి తెలియనిది ఉగాది. ఉగాదికి కన్నడ భక్తులు లక్షల్లో వస్తారు, వాళ్లలో ఎంతోమంది కాలినడకన వస్తారు, ఆ వారం మల్లన్న వాళ్లకు అల్లుడు, ఊరంతా వాళ్లదే. దర్శనం తొందరగా అవ్వాలనుకునేవాళ్లు ఆ పది రోజులు తప్పించుకోండి. ఆ నడక, ఆ భక్తి చూడాలని ఉన్నవాళ్లు అప్పుడే వెళ్లండి. చైత్ర పౌర్ణమికి నల్లమల లోపల సలేశ్వరం జాతర జరుగుతుంది, ఏడాదిలో ఆ కొద్ది రోజులే అక్కడికి అనుమతి. లోయలోకి దిగి ఎక్కే నడక చాలా కష్టం, తోపులాట ఉంటుంది, గుండె జబ్బు ఉన్నవాళ్లను, చిన్నపిల్లలను తీసుకెళ్లొద్దని గట్టిగా చెప్తున్నాను.

మరి ఎవరు ఎటు? అమ్మానాన్నలతో, ఒక్కరోజులో తిరిగి రావాలంటే మెదక్. పిల్లలకు పడవ, మ్యూజియం రెండూ కావాలంటే, లాంచీ నడుస్తోందని రూఢి చేసుకుని, సాగర్. ఇద్దరే, తొందరేం లేదు, పని చూస్తూ కూర్చునే ఓపిక ఉంది అంటే బీదర్, రెండో మాట లేదు. నలుగురైదుగురు స్నేహితులు, డ్రైవింగ్ పంచుకునేవాళ్లు ఉంటే లక్నవరం. అడవి మీద ప్రేమ ఉంటే శ్రీశైలం దారి, కానీ మార్చి రెండో వారం లోపు, ఎందుకంటే తర్వాత మోదుగ పూలు రాలిపోయి, అమావాస్య దగ్గర పడేకొద్దీ ఉగాది రద్దీ మొదలవుతుంది.

ఏదో ఒక్కటే చెప్పమంటే, ఫిబ్రవరి ఆఖరి వారం అయితే లక్నవరం, మార్చి అయితే బీదర్, ఏప్రిల్ అయితే మెదక్ అంటాను. ఏప్రిల్ పదిహేను దాటితే ఎక్కడికి వెళ్లినా పొద్దున పదకొండుకల్లా నీడ పట్టున ఉండేలా చూసుకోండి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు కారులో పెట్టుకోండి, టైర్ల గాలి బయల్దేరే ముందే చూపించండి.